మళ్ళీ పనిలోకి: ఎప్పుడు పోవాలి, ఎట్లా పోవాలి?



డిశ్చార్జి చీటీ చేతికి ఇచ్చే రోజున మా రోగులు నన్ను అడిగే ప్రశ్నలు మూడు. ఏం తినాలి? మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి? పనికి ఎప్పుడు పోవచ్చు? మొదటి రెండు ప్రశ్నలు అందరికీ వినపడేటట్లు అడుగుతారు. మూడోది మాత్రం గొంతు తగ్గించి, "ఇంకెన్నాళ్ళుమా?" అని అడుగుతారు. ఆ ఒక్క మాటలో ఇంట్లోకి బియ్యం ఉంటాయి, పిల్లల ఫీజు ఉంటుంది, ఫైనాన్సువాళ్ళ వాయిదా ఉంటుంది.

చిల్లకూరు చుట్టుపక్కల జీతంతో కూడిన సెలవు ఉన్నవారు కొద్దిమంది. పొలం పనికి పోయేవారు, ఇసుక లారీలకు లోడు ఎత్తేవారు, రొయ్యల గుంతల దగ్గర కాపలా ఉండేవారు, సముద్రం మీదికి వేటకు పోయేవారు, గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో మూటలు మోసేవారు, ఆటో నడిపేవారు, కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు పోయే ఆడపిల్లలు, వీరే ఎక్కువ. వీరికి పని లేని రోజు కూలి లేని రోజే. అందుకే ఈ మూడో ప్రశ్నకు జవాబు వివరంగా చెప్పుకోవలసిన అవసరం ఉంది.

ముందుగా ఒక మాట. పనికి ఎప్పుడు పోవాలనేది క్యాలెండరు ఒక్కటే చెప్పలేదు. మీ శరీరంలో ఇప్పుడు ఎంత శక్తి ఉంది, మీరు చేసే పని ఎంత శక్తిని అడుగుతుంది, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే జవాబు తెలుస్తుంది.

తొందరపడితే జరిగేది

కొన్నేళ్ళ క్రితం ఇసుక లారీలకు లోడెత్తే ఒక అన్న కాలు విరిగి వచ్చాడు. ఆపరేషను చేసి, ప్లేటు, స్క్రూలు వేసి ఎముకను నిలబెట్టారు. మూడు నెలలు బరువు ఎత్తవద్దని డాక్టరుగారు చెప్పారు. ఏడో వారంలోనే ఆ అన్న పనికి పోయాడు. "నొప్పి లేదుమా, ప్లేటు ఉంది కదా అనుకున్నాను" అని తరువాత చెప్పాడు. పదో రోజున ప్లేటు విరిగింది. రెండో ఆపరేషను అయింది. మూడు నెలలు ఆగి ఉంటే సరిపోయేది, ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. ఇంట్లో ఉన్న పాడి బర్రెను అమ్ముకున్నారు.

ఇక్కడ తెలుసుకోవలసిన విషయం ఉంది. ప్లేటు ఎముకకు బదులు కాదు. ఎముక అతుక్కునేవరకు దాన్ని కదలకుండా పట్టుకునే చెయ్యి మాత్రమే. ఎముక అతుకుతున్నకొద్దీ బరువును ఎముక మోస్తుంది. అతకకముందే మూటలెత్తితే బరువంతా ఆ లోహం మీద పడుతుంది. వంచిన తీగను మళ్ళీ మళ్ళీ వంచితే తెగిపోయినట్లు అది కూడా తెగుతుంది. నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. అతికిందీ లేనిదీ ఎక్స్‌రే చూసి చెప్పవలసిందే. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఎముక అతకడం మరీ ఆలస్యమవుతుంది.

ఆలస్యం చేస్తే జరిగేది

మరో పెద్దాయన సంగతి. రొయ్యల గుంతల దగ్గర పని చేసేవాడు. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నాడు. ఆయన భార్యకు, కొడుకులకు ఆయన మీద ఎంత ప్రేమంటే, నాలుగు నెలలు ఆయనను వీధి చివరనున్న టీ అంగడికి కూడా పోనివ్వలేదు. ఎవరన్నా పలకరిస్తే కళ్ళలో నీళ్ళు పెట్టుకునేవాడు. "నేనింక దేనికీ పనికిరాను సిస్టరమ్మా" అన్నాడు. పరీక్ష చేస్తే గుండె బలం బాగానే ఉంది. కాళ్ళలో కండ మాత్రం కరిగిపోయింది, ధైర్యం కూడా పోయింది.

మంచం మీద కదలకుండా పడుకుంటే ఒక వారానికే కండల బలం తగ్గడం మొదలవుతుంది. పెద్ద వయసువారిలో ఇంకా త్వరగా తగ్గుతుంది. రక్తం గడ్డకట్టడం, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, దిగులు, ఇవన్నీ ఎక్కువ విశ్రాంతి తెచ్చే జబ్బులు. నడుము నొప్పికి వారాల తరబడి పడుకోవడమే మందు అని పూర్వం అనుకునేవారు. ఇప్పుడు అట్లా చెప్పడం లేదు. ప్రమాద సూచనలు లేని మామూలు నడుము నొప్పికి, ఓర్చుకోగలిగినంతవరకు తిరుగుతూ ఉండటమే త్వరగా కోలుకునే దారి.

ఆ పెద్దాయనను రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టించాము. రెండు నెలలకు మళ్ళీ గుంతల దగ్గరకు పోయాడు. మేత బస్తాలు మోయడం లేదు. చెక్ ట్రేలు చూస్తాడు, లెక్క రాస్తాడు. ఇప్పుడు మాత్రల కోసం వచ్చినప్పుడు మాకందరికీ ఆయనే జోకులు చెబుతాడు.

మీ పనిని డాక్టరుగారికి చెప్పండి

డాక్టరుగారికి మీ జబ్బు తెలుసు. మీ పని తెలియదు. "కూలి పని" అంటే ఆయనకు ఏమి అర్థమవుతుంది? నాట్లు వేయడం ఒక రకం, యాభై కిలోల బస్తా మోయడం ఇంకొక రకం. కాబట్టి డిశ్చార్జి కాకముందే ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకొని చూపించండి. రాయడం రానివారికి మా సిస్టర్లు రాసిపెడతారు.

1. పనిలో ఎక్కువసేపు నిలబడతారా, కూర్చుంటారా, వంగి ఉంటారా?
2. ఒకసారికి ఎన్ని కిలోలు ఎత్తుతారు? రోజుకు ఎన్నిసార్లు?
3. ఎండలోనా, నీళ్ళలోనా, దుమ్ములోనా, పొగలోనా?
4. ఎత్తు మీద, బావి గట్టున, పడవ మీద, తిరిగే యంత్రం దగ్గర పని ఉందా? బండి నడుపుతారా?
5. రాత్రి షిఫ్టు ఉందా? అన్నం, మాత్రలు వేళకు కుదురుతాయా?
6. పనికి ఎంత దూరం, ఎట్లా పోతారు?
7. నలత చేస్తే పక్కన మనిషి ఉంటాడా?

ఈ కాగితం చూసిన తరువాత డాక్టరుగారు మీకు చెప్పే జవాబు మారిపోతుంది. "రెండు నెలల తరువాత రండి" అనేవారు, "వచ్చే వారం నుంచి కూర్చొని చేసే పని చేయండి, బరువు మాత్రం మూడు నెలలు వద్దు" అని విడదీసి చెబుతారు. చాలామందికి కావలసింది ఆ విడదీసిన మాటే.

సుమారుగా ఎంత కాలం?

కింద చెప్పినవి మామూలుగా కోలుకునేవారి విషయంలో అనుకునే కాలాలు. షుగరు ఉన్నవారికి, పుండు చీము పట్టినవారికి, పెద్ద వయసువారికి ఎక్కువ పట్టవచ్చు. మీ డాక్టరుగారు చెప్పిన మాటే మీకు చివరి మాట.

మణికట్టు విరిగితే కట్టు ఆరు వారాలు. బరువు పని సుమారు మూడు నెలల తరువాత. తొడ ఎముక, కాలి పెద్ద ఎముక విరిగితే మూడు నుంచి ఆరు నెలలు.

గిలక ఆపరేషను, అనగా హెర్నియా అయితే తేలిక పని రెండు వారాలలో చేయవచ్చు. బరువులు నాలుగు నుంచి ఆరు వారాలు వద్దు.

గుండెపోటు వచ్చి ఇబ్బందులు లేకుండా కోలుకున్నవారు తేలిక పని రెండు నుంచి నాలుగు వారాలలో మొదలుపెట్టవచ్చు. శరీర కష్టం చేసేవారికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పట్టవచ్చు. రెండు అంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలగడం మంచి గుర్తు. బైపాస్ ఆపరేషను అయితే రొమ్ము ఎముక అతకడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అంతవరకు నీళ్ళ బిందె కూడా ఎత్తకూడదు.

టీబీ ఉన్నవారికి మందు సరిగా పనిచేస్తూ, ఒక్క రోజూ మానకుండా మింగుతుంటే, సాధారణంగా రెండు వారాలకు ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గుతుంది. బలం వచ్చాక డాక్టరుగారి అనుమతితో పనికి పోవచ్చు. పనికి పోతున్నాం కదా అని మందు మానకూడదు. టీబీ రోగుల పోషణకు ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి దానిని 1000 రూపాయలు చేశారు. మీ పేరు నమోదయిందో లేదో అడిగి తెలుసుకోండి.

జ్వరాల తరువాత వచ్చే నీరసాన్ని తేలికగా తీసుకోవద్దు. 2006లో మన రాష్ట్రమంతటా చికున్‌గున్యా వచ్చినప్పుడు ఎంతోమంది జ్వరం తగ్గిన నెలల తరువాత కూడా కీళ్ళ నొప్పులతో పొద్దున్నే లేవలేకపోయారు. కోవిడ్ తరువాత కూడా కొందరికి అట్లాగే అయింది. అది సోమరితనం కాదు. పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసుకొని, మధ్యలో కూర్చొని చేయడమే దానికి ఉపాయం.

అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా

గర్భసంచి తీయించుకున్నవారు బరువు పనికి పోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఈ ఆపరేషను ఎక్కువగా జరిగిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. కాబట్టి ఇది మన ఇళ్ళలో చాలామందికి సంబంధించిన విషయం.

ఒక చెల్లెమ్మ ఇరవై రోజులకే ఎడగారు నాట్లకు పోయింది. "ముఠాలో ఒక మనిషి తక్కువైతే మేస్త్రీ వేరేవాళ్ళని పెట్టుకుంటాడుమా" అన్నది. నారు కట్టలు మోసింది. మూడు నెలలకు కుట్టు పక్కన కడుపు ఉబ్బి హెర్నియా అయింది. ఇంకో ఆపరేషను.

ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. కూలికి పోకపోయినా ఆడవారికి పని ఆగదు. నీళ్ళు మోయడం, బట్టలు పిండటం, బియ్యం బస్తా జరపడం, పిల్లవాడిని చంకనెత్తుకోవడం, ఇవన్నీ బరువులే. "ఇంట్లోనే ఉంది, రెస్టే కదా" అని మగవారు అనుకోవద్దు. ఆ ఆరు వారాలు బిందెను ఎవరు ఎత్తుతారో ఆపరేషనుకు ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

మెట్టు మెట్టుగా ఎక్కాలి

ఇక్కడ నా సంగతి చెబుతాను. నేను చిన్న వయసులో వేరొక చోట పని చేస్తున్నప్పుడు, ఒక రాత్రి డ్యూటీలో బరువైన రోగిని ఒక్కదాన్నే మంచం మీదికి జరపబోయి నడుము పట్టేసింది. పది రోజులు పడుకొనే ఉన్నాను. తోటివారికి భారమవుతున్నానని సిగ్గుపడి, పదకొండో రోజున పూర్తి డ్యూటీకి వచ్చేశాను. మధ్యాహ్నానికి మళ్ళీ పడిపోయాను. "పూర్తిగా నయమైతేనే రావాలి, లేకపోతే మానుకోవాలి" అని పైనుంచి మాట వచ్చింది. అప్పట్లో నా జీతం మీద ఇంట్లో ఐదుగురు బతుకుతున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా వార్డు సిస్టరు పెద్దావిడ నా తరఫున పోయి మాట్లాడింది. మొదటి రెండు వారాలు రిజిస్టర్లు, మందుల ట్రాలీ. తరువాత రెండు వారాలు అవుట్ పేషెంటు. ఆపైన పగటి వార్డు, రోగిని ఎత్తవలసి వస్తే ఇద్దరు కలిసి. ఆరు వారాలకు నా డ్యూటీ నేను చేయగలిగాను. ఆ తరువాత ఇన్నేళ్ళు నిలబడి పని చేశానంటే ఆ ఆరు వారాల వల్లనే. అప్పటినుంచి నేను రోగులకు చెప్పేది ఒకటే. పూర్తిగా నయమైన తరువాతనే పని అనుకోవద్దు. తగిన పని కూడా నయం కావడంలో ఒక భాగమే.

మీరు కూడా ఇట్లా చేయవచ్చు. మొదటి వారం సగం పూట, తేలిక పని. రెండో వారం ఎక్కువసేపు, పని మాత్రం తేలికే. తరువాతనే బరువులు, అవి కూడా కొద్దికొద్దిగా. సరిపోతున్నదో లేదో మరుసటి ఉదయం చెబుతుంది. సాయంత్రం కొంచెం నొప్పి, అలసట ఉండి తెల్లారేసరికి తగ్గిపోతే ఆ పని మీకు సరిపోయినట్లు. తెల్లారి నొప్పి ఎక్కువగా ఉంటే, లేదా వాపు కనిపిస్తే, ఆ రోజు పనిని సగానికి తగ్గించండి.

ఎండాకాలంలో ఇంకా జాగ్రత్త. ఒక వారం పదిరోజులు నీడపట్టున ఉంటే శరీరం ఎండను ఓర్చుకునే అలవాటును పోగొట్టుకుంటుంది. ఎండలో పనికి అలవాటున్నవాడు సెలవు తరువాత వచ్చినప్పుడు మొదటి రోజు మామూలులో సగం, రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80 శాతం, నాలుగో రోజు పూర్తి పని చేయాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. జబ్బు నుంచి లేచినవారు ఇంకా నెమ్మదిగా పోవాలి. రోహిణి కార్తెలో మంచం దిగి నేరుగా చేలోకి పోవద్దు.

వేటకు పోయేవారికి ఒక ఉపాయం. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. హెర్నియా వంటి, తొందర లేని ఆపరేషను చేయించుకోవలసి ఉంటే డాక్టరుగారిని అడిగి నిషేధం మొదట్లోనే పెట్టుకోండి. వేట మళ్ళీ మొదలయ్యేసరికి వలలు లాగే బలం వస్తుంది. వ్యవసాయ కూలీలు కూడా కోతకు, నాట్లకు మధ్య ఖాళీని ఇట్లాగే వాడుకోవచ్చు. కానీ తొందరగా చేయవలసిన ఆపరేషనును మాత్రం ఎప్పుడూ వాయిదా వేయవద్దు.

పాత పనికి పోకూడనివారు

కొందరికి నేను కష్టమైన మాట చెప్పవలసి వస్తుంది. అదే పనికి ఇక పోవద్దు అని.

మన చిల్లకూరు, కోట మండలాలలో సిలికా ఇసుక ఉంది. సైదాపురం వైపు మైకా గనులు ఉన్నాయి. రాయిని తొలిచేటప్పుడు, పొడి చేసేటప్పుడు, జల్లించేటప్పుడు లేచే కంటికి కనపడనంత సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తులలో మచ్చలు కడుతుంది. దానిని సిలికోసిస్ అంటారు. దానిని నయం చేసే మందు లేదు. అది ఉన్నవారికి టీబీ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ. టీబీ మందు ఆరు నెలలు తిని, నయమై, మళ్ళీ ఆ దుమ్ములోకే పోయి, మళ్ళీ దగ్గుతూ వచ్చినవారిని నేను చూశాను. ముక్కుకు తువాలు కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. దుమ్ము లేని పని వెతుక్కోవలసిందే.

మూర్ఛలు ఉన్నవారు డాక్టరుగారు అనుమతించేవరకు బండి నడపకూడదు, పడవ మీదికి, ఎత్తు మీదికి పోకూడదు. పక్షవాతం వచ్చినవారు కనీసం నెలరోజులు బండి తీయకూడదు, ఆ తరువాత కూడా పరీక్ష చేయించుకొనే తీయాలి. మగత తెచ్చే మాత్రలు వాడుతూ హైవే మీద లారీ నడపకూడదు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం తినకుండా పని మొదలుపెట్టకూడదు. కాలిలో స్పర్శ తగ్గినవారు చెప్పుల్లేకుండా చేలోకి దిగకూడదు.

పాత పని పోయినంత మాత్రాన పని అనేదే పోయినట్లు కాదు. మన జిల్లావాళ్ళు ఎంతోమంది వైద్యానికి వేలూరు పోతుంటారు కదా. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. నిలబడి చేసే ఆపరేషన్లు ఇక చేయలేరు. కానీ కుష్ఠు రోగుల చేతులకు చేసే ఆపరేషను కూర్చొని చేయవచ్చు. డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో ఆమె చక్రాల కుర్చీలో కూర్చొని, వంకర పోయిన ఎన్నో చేతులను బాగుచేశారు. తరువాత అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె కాళ్ళు తిరిగి రాలేదు. ఆమెకు మిగిలిన శక్తికి తగిన పని దొరికింది. ఆ పని మూలంగా వేలమంది మళ్ళీ తమ తమ పనులకు పోగలిగారు.

మన కాలు విరిగిన అన్న కూడా ఇప్పుడు లోడు ఎత్తడం లేదు. అదే చోట వచ్చే పోయే లారీల లెక్క రాస్తున్నాడు. కూలి కొంచెం తక్కువే, కానీ నెల పొడుగునా వస్తుంది.

చట్టం ఏమి చెబుతుంది?

కంపెనీలలో పని చేసేవారు తమకు ఈఎస్ఐ ఉన్నదో లేదో ఇప్పుడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కోండి. ఈఎస్ఐలో, కావలసినన్ని రోజుల చందా కట్టినవారికి జబ్బు కాలంలో జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. టీబీ, క్యాన్సరు వంటి కొన్ని దీర్ఘకాల జబ్బులకు 80 శాతం, రెండేళ్ళ వరకు ఉంటుంది. పనిలో గాయపడి తాత్కాలికంగా పని చేయలేకపోతే 90 శాతం. దీనికి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్టు కావాలి.

ఈఎస్ఐ లేని చోట పనిలో గాయపడితే నష్టపరిహారం ఇవ్వవలసిన బాధ్యత యజమానిది. 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఇంటినుంచి పనికి పోయే దారిలో, తిరిగి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో దానికి సంబంధం ఉన్నట్లు తేలితే, పనిలో జరిగినట్లే లెక్కించాలని అందులో ఉంది. కాబట్టి ఆసుపత్రిలో చేరినప్పుడు, గాయం ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ పనిలో జరిగిందో నిజం చెప్పి రాయించండి. "మెట్ల మీద పడ్డానని చెప్పు" అని ఎవరన్నా అంటే వినవద్దు. ఆ కేసు షీటే రేపు మీకు సాక్ష్యం.

ప్రభుత్వ సంస్థలలో పని చేసేవారికి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మరింత రక్షణ ఇస్తుంది. ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం వస్తే తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని చూపించాలి.

ఈ మధ్య జరిగిన ఒక తీర్పు మనవారిదే. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒకాయనకు రంగులు సరిగా కనపడవని వైద్య పరీక్షలో తేలింది. 2016లో ఆయనను ఇంటికి పంపించారు. డ్రైవరు పని కాకపోతే వేరే పని ఇమ్మని ఆయన అడిగాడు. అట్లా ఇవ్వాలని 1979లోనే యాజమాన్యానికి, కార్మిక సంఘాలకు ఒప్పందం ఉంది. చివరకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2025 ఆగస్టు 1న కోర్టు, ఎనిమిది వారాలలో అదే జీత శ్రేణిలో తగిన పని ఇవ్వాలని, పోయిన కాలానికి బకాయిలలో 25 శాతం చెల్లించాలని తీర్పు చెప్పింది. వేరే పని ఉన్నదో లేదో వెతకకుండానే మనిషిని పంపించివేయడం తప్పని దీని భావం. ఆ మనిషి తొమ్మిదేళ్ళు తిరగవలసి వచ్చిందని కూడా మరచిపోవద్దు. అందుకే మొదటి రోజునే, నోటి మాటగా కాకుండా, వేరే పని కావాలని కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి.

ఇంటివారు, సంఘమువారు చేయగలిగినది

రోగిని చూడటానికి వచ్చినవారు రెండు రకాల మాటలంటారు. "ఇంకా ఎన్నాళ్ళు పడుకుంటావు?" అని కొందరు. "ఇంక నువ్వేం పని చేస్తావులే" అని కొందరు. రెండూ దెబ్బలే. వాటికి బదులు, "ఈ వారం ఏమి చేయగలిగావు?" అని అడగండి.

పండ్లు, బ్రెడ్డు తీసుకుపోవడం మంచిదే. అంతకంటే మంచిది, ఆ ఇంట్లో ఆరు వారాల బియ్యం సంగతి చూడటం. వాయిదా కట్టలేక తొందరపడి పనికి పోయినవారే మా దగ్గరకు ఎక్కువగా తిరిగి వస్తారు. సంఘములో అంగడి ఉన్నవారు, గుంతలు, చేలు ఉన్నవారు ఉన్నారు. రెండు నెలల పాటు కూర్చొని చేసే పని ఒకటి ఇవ్వగలరా? లెక్క రాయడం, కాపలా, నిమ్మకాయలు ఏరడం, ఏదైనా సరే. ధర్మంగా కాదు, పనికి కూలిగా ఇవ్వండి. మేస్త్రీలు కూడా ముఠాలో ఆ మనిషి చోటును అట్టిపెట్టండి. రేపు ఆ మంచం మీద మనము ఉండవచ్చు.

పనికి పోయిన తరువాత వెంటనే ఆపి ఆసుపత్రికి రావలసిన గుర్తులు: గుండెలో నొప్పి, పట్టేసినట్లుండటం, ఆయాసం, కళ్ళు తిరిగి పడటం. పుండు ఎర్రబడటం, చీము, జ్వరం. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గడం, మూత్రం మీద పట్టు తప్పడం. విరిగిన చోట మళ్ళీ కొత్తగా నొప్పి. వీటికి "సాయంత్రం చూద్దాంలే" అనవద్దు.

చివరగా ఒక మనవి. ఈసారి డిశ్చార్జి రోజున ఆ మూడో ప్రశ్నను గొంతు తగ్గించి అడగవద్దు. గట్టిగానే అడగండి. మీ పని ఏమిటో చెప్పి అడగండి. కూలి కోసం తొందరపడటంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మేము మందు ఇచ్చేది, కట్టు కట్టేది, మీరు మళ్ళీ మీ పని మీరు చేసుకోవాలనే.